లేచి నిలబడ్డ సింహం

"ఏడు వందల ఏళ్ల నేల మీద రబ్బరు కార్పెట్ పరిచింది మీరు. పదేళ్లు దాన్నెత్తి చూడనిది మీరు. ఇప్పుడు నాలుగు పలకలు పోయాయని నా చెయ్యి పట్టుకున్నదీ మీరే. దొంగలెవరో వెళ్లి అద్దంలో చూసుకోండి!"

ఈనోక్ టిప్టన్ తన డెబ్భై ఒక్కేళ్లలో ఒకరి మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఎత్తాడు, అలిసిపోయాడు, దగ్గాడు. స్టేషన్‌లో ఇచ్చిన దుప్పటి భుజాల మీంచి జారిపోతే దాన్ని సర్దుకునే ఓపిక కూడా లేక వదిలేశాడు.

బల్లకి ఇవతల సార్జెంట్ గ్వెండా ప్రాసర్ నోట్‌బుక్ తెరిచింది. ఆమెకి యాభై ఆరేళ్లు. ఎడమ మోకాలు చలికి బిగుసుకుపోయింది. ఇంకో ఎనిమిది నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. ఆ ముసలాయన "మీరు" అన్నది ఎవర్నో ఆమెకి తెలుసు. చర్చి కమిటీని, ఆ చుట్టుపక్కల చర్చిలన్నిటినీ చూసే డయాసిస్ ఆఫీసుని, పోలీసుల్ని. ఆ వరసలో తనూ ఉంది. కాదనడానికి ఏముంది?

గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. 1979 జనవరి 18, గురువారం. సాయంత్రం నాలుగింటికి ఈనోక్ మీద దొంగతనం కేసు రాస్తారు. రాశాక శనివారం లోపు ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆ ఇల్లు చర్చిది. లిన్‌టన్ ప్రయర్స్ చర్చి ఊడ్చి, గంట కొట్టి, తాళం వేసే మనిషిగా నలభై ఒక్క ఏళ్లు ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన భార్య డోర్కస్ మంచం పట్టి రెండేళ్లయింది. పాస్టరు గారు నోటీసు చాలా మర్యాదగా రాశారు. ఇలాంటి నోటీసులన్నీ మర్యాదగానే ఉంటాయి.

"మళ్లీ మొదట్నుంచి చెప్పండి ఈనోక్ గారూ."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్? ఆ ఇన్‌స్పెక్టర్ కుర్రాడికి మూడుసార్లు చెప్పాను. రాసుకోడు. రాసుకున్నట్టు నటిస్తాడు."

"నేను రాసుకుంటాను."

ముసలాయన ఆమె వంక చూశాడు. "నువ్వు తాపీమేస్త్రీ ప్రాసర్ కూతురివి కదూ?"

"అవును."

"అందుకే నీకు చెప్తా." గొంతు సవరించుకున్నాడు. "డిసెంబర్ ఇరవై మూడు, శనివారం. బలిపీఠం మెట్టు ముందు కార్పెట్ మీద క్రిస్మస్ పశువుల పాక పెట్టాను. చెక్క పాక, గడ్డి, గొర్రెలు, అంతా కలిపి రెండు బస్తాల బరువు. జనవరి ఆరున, అలంకారాలు దించే రోజు, మూడింటికి తీశాను. తీసేసరికి కార్పెట్ మధ్యలో గుంటపడినట్టు మెత్తగా ఉంది. ఎత్తి చూస్తే నాలుగు పలకలు లేవు. మట్టి కనిపిస్తోంది."

"అప్పుడు?"

"ఇంకా ఎన్ని పోయాయో అని భయమేసింది. కార్పెట్ మొత్తం చుట్టుకుంటూ వెనక దాకా వెళ్లాను. బాప్తిస్మపు తొట్టి దాకా. మిగతావన్నీ ఉన్నాయి. కానీ..." ఆగాడు.

"కానీ?"

"నవ్వకు. ఆ కుర్రాడు నవ్వాడు. సింహం లేచి నిలబడింది."

ప్రాసర్ ఆ మాట అలాగే రాసుకుంది.

"తొట్టి పక్కన మూడో పలక. సింహం బొమ్మ. నేను పనిలో చేరిన రోజు నుంచీ తలకిందులుగా ఉండేది. కాళ్లు పైకి, తోక కిందకి. ముప్పై ఏళ్లు రోజూ దాన్ని ఊడ్చాను. ఇవాళ కూడా వెల్లకిలా పడ్డావా అని పలకరించేవాణ్ణి. అరవై ఎనిమిదిలో కార్పెట్ వేశాక మళ్లీ చూళ్లేదు. ఆ రోజు చూస్తే నాలుగు కాళ్ల మీద చక్కగా నిలబడి నా వంక చూస్తోంది."

"అది ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"చెప్పాను. ఏం తాగావన్నాడు. ఒక్క గ్లాసు ఆపిల్ సారా తాగానన్నాను. అబద్ధం చెప్పడం రాదు మరి."

ఆమె ఫైల్ తిప్పింది. ఇన్‌స్పెక్టర్ స్ట్రడ్విక్ చేతిరాత అక్కడుంది. *నిందితుడు మద్యం సేవించినట్టు ఒప్పుకున్నాడు. పొంతన లేని మాటలు.* సింహం గురించి ఒక్క ముక్క లేదు.

---

కోలిన్ స్ట్రడ్విక్‌కి ముప్పై నాలుగేళ్లు. ప్రాసర్ పన్నెండేళ్ల కిందట అతనికి ఫైల్ ఎలా కట్టాలో నేర్పింది. ఇప్పుడు అతని గదిలో అతను కూర్చుంటాడు, ఆమె నిలబడుతుంది.

"టిప్టన్ ఒప్పుకున్నాడా?"

"లేదు, సార్."

"ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. అతని తోటలో పనిముట్ల కొట్టంలో గోనె కింద రెండు పలకలు దొరికాయి. డాక్టర్ ఫాడ్రీ వచ్చి చూసి, అవి ఆ నేలవేనని, నేలలో మిగిలినవన్నీ అసలువేనని సంతకం పెట్టారు. ఇంగ్లండ్‌లో పాత నేలల గురించి ఆయన కంటే తెలిసినవాడు లేడు. ఇంకేం కావాలి?"

"మిగతా రెండు?"

"అమ్మేసి ఉంటాడు."

"ఎవరికి? బస్సెక్కి టౌనుకి రావడానికి మోకాళ్లు లేవు ఆయనకి."

"గ్వెండా." స్ట్రడ్విక్ చాలా ఓపికగా అన్నాడు. ఆ ఓపిక చూస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది. "నీకు వాళ్లంటే జాలి. అర్థం చేసుకోగలను. నీ ఊరువాళ్లు. కానీ ఇది నా కేసు."

దొరికిన రెండు పలకలూ కిటికీ గట్టు మీద ఉన్నాయి. చదరంగా, అరచెయ్యంత, రెండంగుళాల మందం. కాల్చిన ఎర్రమట్టిలో తెల్లమట్టితో పొదిగిన పక్షి బొమ్మలు. నాలుగు పలకలు కలిపి పెడితే గుండ్రటి తీగ చుట్టూ నాలుగు పక్షులవుతాయి. ఒక పలక మీద స్ట్రడ్విక్ కాఫీ కప్పు ఉంది. గట్టు కింద వేడినీళ్ల గొట్టం బుసలు కొడుతోంది.

"అవి ఎప్పట్నుంచి ఇక్కడున్నాయి, సార్?"

"ఎనిమిదో తారీకు నుంచి. ఏం?"

"పది రోజులు. ఈ వేడి మీద."

"చలిగా ఉండకూడదు కదా వాటికి," అని నవ్వాడు.

ఆమె కప్పు తీసి పక్కన పెట్టింది. పలక మీద కాఫీ మరక గుండ్రంగా ఉంది. బొటనవేలితో రుద్దింది. పోయింది. మరక నామరూపాల్లేకుండా పోయింది. ఆమె ఆ వేలి వంక చూసుకుంది. ఏదో అడ్డుపడినట్టుంది, ఏమిటో అందలేదు. పొద్దున్నుంచీ తల దిమ్మెక్కి ఉంది.

"ఒకటి తీసుకెళ్తున్నాను. రిజిస్టర్‌లో రాస్తాను."

"ఎందుకు?"

"చర్చిలో గుంటకి సరిపోతుందో లేదో చూడాలి. ఎవరూ చూసినట్టు లేదు."

స్ట్రడ్విక్ మొహం కొంచెం ఎర్రబడింది. "నాలుగింటికి. నాలుగు దాటి ఒక్క నిమిషం కూడా ఆగను."

---

పదకొండూ యాభై. డాక్టర్ లయొనెల్ ఫాడ్రీ ఇల్లు.

డయాసిస్‌లో ముప్పై ఒక్క పాత చర్చిల నేలలకి ఆయన సలహాదారు. జీతం లేదు, గౌరవం ఉంది. తాళంచెవులు ఉన్నాయి. ప్రతి చర్చికీ వెళ్లి, కార్పెట్ ఎత్తించి, ఫొటోలు తీసి, నేల క్షేమంగా ఉందని కాగితం ఇస్తాడు. ఆ కాగితం చూసుకుని కమిటీలు నిద్రపోతాయి. ఇంటి వెనక ఆయనకి ఒక చిన్న బట్టీ ఉంది. పాత పద్ధతిలో పలకలు కాల్చి బడిపిల్లలకి చూపిస్తాడు. పెద్దమనిషి సరదా అనుకుంటారు ఊళ్లో. అదే బట్టీ ఈనోక్ ఇంటి వెనక ఉండుంటే ఏమనుకునేవాళ్లో ప్రాసర్‌కి తెలుసు.

"కూర్చోండి, సార్జెంట్ గారూ. టీ?" పల్చటి కప్పు. కూర్చున్నచోట చెమట పట్టేంత వెచ్చగా ఉంది గది. "మీ నాన్నగారు తాపీమేస్త్రీ కదూ? మా వంటగది నేల ఆయనే వేశారనుకుంటాను."

"అవును. వెనక గుమ్మంలోంచి రమ్మనేవారు మీ నాన్నగారు."

ఫాడ్రీ నవ్వాడు. తెల్లటి వేళ్లు, అరవై ఏళ్లు, ఎక్కడా తొందర లేదు. "ఆ రోజులు వేరు."

"పలకలు చివరిసారి ఎప్పుడు చూశారు మీరు?"

"డిసెంబర్ ఇరవై రెండు, శుక్రవారం. అన్నీ ఉన్నాయి. నా నోట్స్‌లో రాసుకున్నాను."

"మీతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నాకు నిశ్శబ్దంగా ఉంటేనే పని సాగుతుంది."

"తర్వాత రోజు ఈనోక్ దాని మీద పాక పెట్టాడు. జనవరి ఆరు దాకా కదల్లేదు. అంటే పలకలు ఉన్నాయన్న మాట ఒక్క మీరే చెప్తున్నారు."

"నా మాట చాలదంటారా?" చాలా మృదువుగా అడిగాడు.

"నేనేమీ అనడం లేదు. తేదీలు రాసుకుంటున్నా. ఈనోక్ మీద మీకేమైనా కోపముందా?"

"పాపం, మంచి మనిషి. కానీ వాళ్లకి ఆ నేల విలువ తెలియదండీ. కాళ్ల కింద ఉన్నదాన్ని చూడరు. నేను దాన్ని కాపాడటానికి ముప్పై ఏళ్లు పెట్టాను."

ఆమె లేచి గోడ దగ్గరకి నడిచింది. మోకాలు నొప్పి సాకుగా నడిచింది, కానీ నొప్పి నిజమే. గోడకి పెద్ద ఫ్రేములో సిరాతో గీసిన పటం ఉంది. లిన్‌టన్ ప్రయర్స్ చర్చి నేల, ఒక్కో పలకా విడివిడిగా. కింద సంతకం, 1911.

"మా తాతగారు గీసింది," అన్నాడు ఫాడ్రీ. గొంతులో మొదటిసారి ప్రాణం వచ్చింది. "నూట పన్నెండు పలకలు. ఆరు వారాలు మోకాళ్ల మీద కూర్చుని గీశారు."

ప్రాసర్ కళ్లు బాప్తిస్మపు తొట్టి పక్కకి వెళ్లాయి. మొదటి పలక, రెండో పలక, మూడోది. సింహం. కాళ్లు పైకి, తోక కిందకి. పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: *మేస్త్రీ తప్పు.*

ఆమె ఫ్రేముకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఇదేంటి, తలకిందులుగా ఉంది?"

ఫాడ్రీ పెదాలు బిగుసుకున్నాయి. పంటి కింద రాయి పడ్డట్టు. "రెండు వందల ఏళ్ల కిందట నేల ఊడదీసి మళ్లీ పరిచినప్పుడు ఎవడో తెలివితక్కువ మేస్త్రీ చేసిన పని. నాకు ఏడేళ్లప్పుడు తాతగారు తీసుకెళ్లి చూపించారు. అంత అందమైన నేలలో ఆ ఒక్కటి! దాన్ని చూస్తే ఆయనకి ఆ రోజంతా అన్నం సయించేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ అంతే."

"ఇప్పటికీ అలాగే ఉందా?"

అరక్షణం ఆగాడు. అరక్షణమే.

"ఆ నేలని ఎవరూ తాకలేదు, సార్జెంట్. ఎవరూ తాకకుండా చూడటమే కదా నా పని."

ఆమె తలూపింది. "మీ పలకలు చూడొచ్చా? ఇంత దూరం వచ్చాను కదా."

కలెక్షన్ ఉన్నవాడు చూపించకుండా ఉండలేడు. దొంగ సొత్తు దాచినవాడైనా సరే, అడిగితే చూపిస్తాడు. అది వాళ్ల జబ్బు. పొడవాటి బీరువా, సొరుగులు, లోపల పచ్చటి ఉన్నిగుడ్డ. ఒక్కో పలకకీ తాతగారి చేతిరాతతో చీటీ. జంటపక్షులు, కోటలు, చేపలు, డాలు పట్టుకున్న వీరులు. ఫాడ్రీ ఒక్కొక్కటీ చెప్తూ పోయాడు. ప్రాసర్ వింటున్నట్టు తలాడించింది, వినలేదు. గుడ్డని చూస్తోంది.

పద్నాలుగో సొరుగు. లిన్‌టన్ ప్రయర్స్, 1911 అని చీటీలు. ఏడు పలకలు. ఆరింటి చుట్టూ గుడ్డ పచ్చగా ఉంది. ఏడోదాని చుట్టూ పిండి రాల్చినట్టు తెల్లటి గీత. పలక మీద పక్షి బొమ్మ. రెక్కల అంచున సన్నటి తెల్లటి నూగు.

చవుడు.

ఆమె తండ్రి చెప్పేవాడు. తడినేలలోంచి పీకిన ఇటుకని వెచ్చటి ఇంట్లో పెడితే లోపలి ఉప్పంతా పైకొస్తుందే గ్వెన్నీ, నెలా రెండు నెలలు పూస్తూనే ఉంటుంది, తర్వాత ఆగిపోతుంది. నెల. డెబ్భై ఏళ్లు కాదు. 1911 నుంచీ ఈ సొరుగులో ఎండిన పలక ఈ జనవరిలో చవుడు పూయదు.

ఆమె వేలితో ఆ పొడిని తాకి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

"ఏం చేస్తున్నారు మీరు?" ఫాడ్రీ గొంతు మారింది.

"పొద్దున్న పంచదార అద్దిన బన్ను తిన్నానండీ. చేతికి అంటుకున్నట్టుంది." జేబురుమాలుతో వేలు తుడుచుకుంది. గుడ్డ మీద పొడిని కూడా తుడుచుకుంది. రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

ఫాడ్రీ సొరుగు మూశాడు. చాలా నెమ్మదిగా, చప్పుడు లేకుండా మూశాడు. "ఇంకేమైనా ఉందా, సార్జెంట్?"

"ప్రస్తుతానికి లేదు. టీ బావుంది."

వారంట్ లేదు. వారంట్ అడగాలంటే స్ట్రడ్విక్ సంతకం కావాలి. గేటు దాటి కారెక్కి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఒక నిమిషం అలాగే కూర్చుంది. స్టేషన్‌లో పది రోజులు వేడి గొట్టం మీద ఉన్న పలకలు గుర్తొచ్చాయి. వాటి మీద చవుడు లేదు. ఒక్క గింజ లేదు. పొద్దున్న అడ్డుపడ్డది అదే.

---

రెండూ పదిహేను. లిన్‌టన్ ప్రయర్స్ చర్చి.

కార్పెట్ చుట్టడం ఇద్దరి పని. ఆమె ఒక్కతే చేసింది. మోకాలి మీద, మధ్యమధ్యలో తిట్టుకుంటూ. కార్పెట్ కింది రబ్బరు కుళ్లి జిగురై, చేతులకి నల్లగా అంటుకుంది. బలిపీఠం మెట్టు దగ్గర నాలుగు పలకల గుంట. స్టేషన్ నుంచి తెచ్చిన పలక అందులో అతికినట్టు సరిపోయింది. అక్కణ్ణించి తొట్టి దాకా ఎర్రటి నేల, తెల్లటి బొమ్మలు, చూడముచ్చటగా అరిగి.

తొట్టి పక్కన మూడో పలక.

సింహం నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది.

ఆమె దాని ఎదురుగా నేల మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవడో మేస్త్రీ చేసిన ఒక్క తప్పు, రెండు వందల ఏళ్లు ఎవరికీ అడ్డురాని తప్పు. పామరుడెవడైనా దొంగతనం చేసి ఉంటే ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేవాడు. చదువుకున్నవాడు పెట్టలేకపోయాడు. చేతులు ఊరుకోలేదు.

వెనక తలుపు దడాలున తెరుచుకుంది.

"గ్వెండా!" స్ట్రడ్విక్. కోటు మీద మంచు, మొహం కందగడ్డలా ఉంది. "డాక్టర్ ఫాడ్రీ మన చీఫ్‌కి ఫోన్ చేశారు. ఆయన ఇంట్లో నువ్వు సొరుగులు నాకావట!"

"సొరుగు కాదు. వేలు."

"నీకు మతి పోయిందా? ఎనిమిది నెలలు ఆగితే పెన్షన్ తీసుకుని వెళ్లిపోయేదానివి!"

"ఇటు రండి, సార్."

"నేను రాను. నువ్వు ఇప్పుడే స్టేషన్‌కి..."

"కోలిన్." పన్నెండేళ్ల కిందట పిలిచినట్టు పిలిచింది. "అలిసిపోయాను. అరవలేను. వచ్చి ఇక్కడ కూర్చో."

అతను వచ్చాడు. కూర్చోలేదు, నిలబడ్డాడు. ఆమె బ్యాగులోంచి ఫ్లాస్కు తీసింది. పొద్దున్న పోసుకున్న టీ చల్లారిపోయింది.

"ఆ గోడవార చూడు. ఆర్గన్ కింద, కార్పెట్ చేరని మూల. సగం విరిగిన పలక ఉందే, అది. ఆర్గన్ కదిపితే తప్ప దాన్ని ఎవడూ తియ్యలేడు." మూత నిండా టీ పోసి దాని మీద ఒంపింది. పలక టీని తాగేసింది. చూస్తుండగానే ఇంకిపోయి చీకటి మచ్చ మిగిలింది. "ఏడు వందల ఏళ్ల మట్టి. పైన మెరుగు అరిగిపోయింది. దాహంగా ఉంటుంది."

"అయితే?"

ఇదిగో నీ సాక్ష్యం, అంటూ గుంటలో పెట్టిన పలక మీద టీ పోసింది. టీ బొట్లు బొట్లుగా నిలబడి, గుండ్రంగా వణుకుతూ, పక్కకి దొర్లిపోయాయి. "పొద్దున్న నీ కాఫీ మరక వేలితో తుడిస్తే పోయింది. అప్పుడే తెలుసుకోవాల్సింది నేను. ఇది నిన్నగాక మొన్న ఎక్కువ వేడి మీద కాల్చిన పలక. ఈనోక్ కొట్టంలో దొరికినవి దొంగ పలకలు, కోలిన్. దొంగిలించిన పలకలు కాదు."

స్ట్రడ్విక్ ఆ బొట్ల మీదకి వంగాడు. "కానీ... ఫాడ్రీ సంతకం పెట్టారు. అవి అసలువేనని."

"ఇంగ్లండ్‌లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. పొరపాటు పడ్డాడంటావా?"

అతను పలక అంచుని గోటితో గీకి చూశాడు.

"ఒక మనిషిని దొంగని చెయ్యడానికి రెండు అసలు పలకలు ఆ కొట్టంలో పడెయ్యాలి. అంతే పని. వాడి వల్ల కాలేదు. ముసలాణ్ణి వదులుకోగలిగాడు, పలక వదులుకోలేకపోయాడు. అందుకే బట్టీలో కాల్చినవి పెట్టాడు. అసలుది పద్నాలుగో సొరుగులో చవుడు పూస్తోంది." జేబులోంచి రుమాలు తీసి చూపించింది. "నాలిక మీద పెట్టుకుని చూడు. ఫోన్ చేసి చెప్పుకుంటాడులే."

"నాలుగు పలకల కోసం ఇంత..."

"నాలుగా?"

ప్రాసర్ ఫ్లాస్కు పట్టుకుని లేచింది. గోడ పట్టుకుని లేచింది. నేల పొడవునా నడుస్తూ పోసింది. గుంట పక్కన పలక మీద. బొట్లు. నడిదారి మధ్యలో. బొట్లు. కోట బొమ్మ మీద, చేప మీద, వీరుడి డాలు మీద. ఎక్కడ పోసినా టీ నిలబడింది. ఒక్క పలక ఒక్క చుక్క తాగలేదు. చివరి చుక్క సింహం మీద పడింది. కన్నీరులా దాని చెంప మీంచి జారింది.



"నూట పన్నెండు," అంది. "ఫాడ్రీ తాత గీసిన పటంలో లెక్క ఉంది. ఆ పటంలో ఈ సింహం తలకిందులుగా ఉంది. 'ఆ నేలని ఎవరూ తాకలేదు' అని ఫాడ్రీ ఇవాళ మధ్యాహ్నమే నాతో అన్నాడు. ఈనోక్ నీకు చెప్పాడు, సింహం లేచి నిలబడిందని. నువ్వు తాగి వాగుతున్నాడని రాశావు."

స్ట్రడ్విక్ ముందు బెంచీ మీద కూర్చుండిపోయాడు. "ఎప్పుడు... ఎలా..."

"చర్చి రిజిస్టర్ చూశాను. మూడేళ్లుగా ప్రతి అక్టోబర్‌లో మూడు రోజులు. 'నేల పరిశీలన. తాళం వేసి ఉంచవలెను. ఎవరూ లోపలికి రాకూడదు.' ఈనోక్‌కి సెలవిచ్చి పంపేవాడు. మంచి మనిషి అనుకుంటూ వెళ్లేవాడు ఆ ముసలాయన. చివరి నాలుగూ డిసెంబర్ ఇరవై రెండున తీసుకెళ్లాడు. అదే రిజిస్టర్‌లో ఉంది, వచ్చే నెల పాత కార్పెట్ తీసేసి కొత్తది వేస్తారు. నేల పదిమంది కళ్లపడుతుంది. అందుకని నాలుగు పోయినట్టు చూపించి, మిగతా నూట ఎనిమిదీ అసలువేనని పోలీసు ఫైల్‌లోనే రాయించుకున్నాడు. రాసిచ్చింది మనం."

"నేను." మొదటిసారి అతని గొంతు చిన్నదైంది.

"నువ్వే."

గడియారం మూడూ పది.

స్ట్రడ్విక్ ఉన్నట్టుండి లేచాడు. "ఒంటి గంటకి ఫాడ్రీ నాకూ ఫోన్ చేశాడు. స్టేషన్‌లో ఉన్న రెండో పలక పాడైపోతుంది, భద్రం చెయ్యడానికి తీసుకెళ్తానన్నాడు. సరేనన్నాను. ఈపాటికి తీసుకెళ్లిపోయి ఉంటాడు."

"పోతే పోనీ. ఒకటి మన దగ్గరుంది." ఆమె వెనకగదిలోకి వెళ్లింది. అక్కడ, పాస్టరు గారి అంగీల పక్కన, గోడకి ఒక టైపు కాగితం గుచ్చి ఉంది. డయాసిస్ నేలల పరిశీలన, 1979. ముప్పై ఒక్క చర్చిల పేర్లు. పేరు పక్కన తేదీ. ఆమె వేలు కిందకి జరిగి ఆగింది.

"కోలిన్. ఇవాళ తారీకెంత?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిది నుంచి ఇరవై దాకా, యాపుల్‌టన్ కొండ చర్చి. తాళం వేసి ఉంచవలెను. ఎవరూ లోపలికి రాకూడదు." కాగితం పీకి అతని చేతిలో పెట్టింది. "ఈ జాబితాలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ప్రతి చోటా కార్పెట్. ప్రతి చోటా ఈయన కాగితం. నేను నాకిన ఉప్పు ఏమిటో ఆయనకి తెలుసు. ఈ మూడు రోజులూ ఆయన తాళం వెనక ఏం చేస్తాడనుకుంటున్నావు? పలకలు తీస్తాడా, ఆనవాళ్లు పగలగొడతాడా?"

స్ట్రడ్విక్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. చదువుతున్నాడో లేదో తెలియదు.

వెనకగదిలో నల్లటి ఫోన్ ఉంది. ప్రాసర్ రిసీవర్ ఎత్తి అతని చేతికిచ్చింది. చేతుల నిండా రబ్బరు జిగురు. రిసీవర్ నల్లగా మరకలైంది.

"ముందు స్టేషన్‌కి చెయ్యి. నాలుగు కాకముందే ఈనోక్ టిప్టన్ గది తలుపు తీయించు. నువ్వే వెళ్లి ఇంటి దగ్గర దింపు, పోలీసు బండిలో కాదు, నీ కార్లో, ముందు సీట్లో కూర్చోబెట్టి. డోర్కస్ ఎదురుగా క్షమించమని అడుగు. పాస్టరు గారిని పిలిచి ఆ నోటీసు ఆయన చేతే చింపించు. అది అయ్యాక చీఫ్‌కి చెయ్యి."

"చీఫ్‌కి ఏం చెప్పను?"

"రెండు కార్లు యాపుల్‌టన్ కొండకి పంపమను. తాళంచెవి కోసం ఎవర్నీ అడగొద్దు, తలుపు పగలగొట్టమను. ముప్పై ఒక్క చర్చిల్లో, ఇవాళే, చీకటి పడకముందే, కార్పెట్‌లన్నీ లేపమను. కమిటీలు వద్దంటే కమిటీల్ని బయట నిలబెట్టమను." ఖాళీ ఫ్లాస్కు మూత బిగించింది. "ప్రతి బండిలో ఒక కెటిల్ టీ పెట్టమను. పొయ్యమను. తాగని నేలలన్నీ రాసుకురమ్మను."